అరువు గుడ్డ, సొంత సిర

తెలుగువాడికి ఒంట్లో ఉన్నవన్నీ నరాలే. చెయ్యి తెగి రక్తం కారితే నరం తెగిందంటాడు. కాలు తిమ్మిరెక్కితే నరం పట్టిందంటాడు. మడమ వెనుక బిగుసుకున్న తాడు కూడా అతనికి నరమే. దవాఖానకు పోయి వచ్చినవాణ్ణి సూది ఎక్కడ వేశారని అడిగితే "నరానికి ఇచ్చిండ్రు సారూ" అంటాడు. పుస్తకాలవాళ్లం మేము మాత్రం తక్కువ తిన్నామా? వైద్యుడు చెయ్యి పట్టుకొని "నాడి" చూశాడని రాస్తాము. అక్కడ వేలికింద కొట్టుకునేది రక్తం నడిచే ధమని. అదే పుస్తకంలో నాలుగు పుటలు తిప్పితే "నాడీ మండలం" అని మెదడు నుండి బయలుదేరే తీగెల సంగతి చెబుతాము. చదివేవాడి గతి ఏమి కావాలి?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. అవసరం ఉన్నది. ఈ వారం నేను చెప్పబోయే ఆపరేషనులో డాక్టర్లు ఒక సిరను తీసి ధమని స్థానంలో కుడతారు. సిర ఏదో, ధమని ఏదో తేలకపోతే అందులోని సాహసం మనకు బోధపడదు. కనుక ముందుగా ఆ రెండు మాటలనూ విడదీసుకుందాము.

గుండె నుండి బయలుదేరి ఒంటికి రక్తాన్ని పంచేది ధమని. పంచిన రక్తాన్ని తిరిగి గుండెకు చేర్చేది సిర. ధమనిలో ఒత్తిడి ఎక్కువ, గోడ మందం. సిరలో ఒత్తిడి తక్కువ, గోడ పలచన. పాలమూరు మాటల్లో చెప్పాలంటే, ధమని చెరువు తూము కింద ఉరికే కాలువ. సిర పొలాలన్నీ తడిపిన నీటిని నెమ్మదిగా మోసుకుపోయే వాగు.

ధమనులన్నిటికీ తల్లి బృహద్ధమని. గుండె నుండి పైకి లేచి, గొడుగు పిడిలాగా వంగి, వెన్నెముకను ఆనుకొని కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండుగా చీలి రెండు కాళ్లకూ పోతుంది. పొట్టలో దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. మనిషి ఊరకే కూర్చున్నా గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. రోజుకు లెక్క కడితే 7,200 లీటర్లు. ఎండాకాలం మా కోస్గి వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరు ఒకటి నిండి, రెండోది సగం దాకా వస్తుంది. దానిలో అన్నిటికంటె పెద్ద వంతు ప్రయాణం చేసేది ఈ ఒక్క గొట్టం గుండానే.

ఇటువంటి గొట్టం గోడకు చీము పడితే?

పడుతుంది. అరుదే గాని, పడుతుంది. వయసు మీరినవారిలో, ముఖ్యంగా ఏళ్ల తరబడి చుట్టా బీడీ కాల్చినవారిలో, చక్కెర జబ్బు ఉన్నవారిలో, బృహద్ధమని లోపలి గోడ కొవ్వు పేరుకొని గరుకు దేరి ఉంటుంది. రక్తంలో కొట్టుకువచ్చిన సూక్ష్మజీవి ఆ గరుకులో చోటు చేసుకుంటుంది. సెగగడ్డలు పుట్టించే స్టెఫైలోకాకస్ ఒకటి, టైఫాయిడు జాతికి చెందిన సాల్మొనెల్లా ఒకటి, ఈ దుర్మార్గంలో అందె వేసిన చేతులు. క్షయ కూడా పక్కనున్న వెన్నెముక నుండి ఎప్పుడైనా పాకవచ్చు. గోడ మెత్తబడి, రక్తపు తోపుకు బుడగలాగా ఉబ్బుతుంది. 1885లో విలియం ఆస్లరు అనే మహా వైద్యుడు ఇటువంటి ఉబ్బులకు బూజుకు సంబంధించిన పేరు పెట్టాడు. కంటికి పుట్టగొడుగుల్లాగా కనిపించాయి కాబట్టి ఆ పేరు. నిజానికి వీటిలో చాలాభాగం బూజువల్ల వచ్చినవి కావు. ఆ పేరు మాత్రం నేటికీ పోలేదు. మనకు నరం ఎట్లాగో వారికి బూజు అట్లాగ!

చీముకు మందులు లేవా అంటే ఉన్నాయి. ఆ మందుల చరిత్రలో మన తెలుగువాడి చెయ్యి కూడా ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు అధిపతిగా ఉన్న రోజుల్లోనే, 1948లో, టెట్రాసైక్లిన్ మందుల కుటుంబానికి పెద్దబిడ్డ అయిన ఆరియోమైసిన్ వెలువడింది. ఆ ఏడే ఆయన కాలం చేశారు. ఇటువంటి మందులు రక్తంలో కలిసి, రక్తం పోయిన చోటికల్లా పోయి సూక్ష్మజీవులను చంపుతాయి. కాని కుళ్లిపోయిన గోడ తిరిగి గట్టిపడేటట్టు చేసే మందు ఏదీ లేదు. నానిపోయిన చెరువుకట్టను మంత్రించి నిలపలేము గదా! చెడినంత మేర కోసి తీసి, ఆ స్థానంలో మరొక గొట్టం పెట్టాలి. మరి ఆ గొట్టం దేనితో?

ఇక్కడ కథ ఫ్రాన్సు దేశానికి పోతుంది. 1894లో ఆ దేశాధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరంలో ఒకడు కత్తితో పొడిచాడు. పొట్టలో పెద్ద సిర తెగి ఆయన మరణించాడు. తెగిన రక్తనాళాన్ని కుట్టడం అప్పటి శస్త్రవైద్యులకు చేతకాదు. ఆ ఊళ్లోనే ఉన్న అలెక్సిస్ కరేల్ అనే యువ వైద్యుడికి అది మనసులో ముల్లయింది. లియాన్ పట్టుబట్టలకు పేరుపడ్డ ఊరు. అతడు అక్కడి బుటేదారు పని చేసే ఒక స్త్రీ దగ్గర సన్న సూదితో, సన్న దారంతో కుట్టడం అభ్యసించాడు. 1902లో తన పద్ధతిని ప్రకటించాడు. 1912లో నోబెల్ బహుమానం పొందాడు. అమెరికాకు పోయి జంతువుల మీద చేసిన ప్రయోగాలలో, సిర ముక్కను ధమని మధ్యలో కుడితే, ఆ పలచటి గోడ కొన్నాళ్లకు కొత్త ఒత్తిడికి తగినట్టు మందం తేరుతుందని కూడా చూపించాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మన కథకు కీలకం ఇదే.

అయితే బృహద్ధమనికి సరిపోయేంత లావు సిర ఎవరికీ తట్టలేదు. అందుచేత గుడ్డ రంగంలోకి వచ్చింది. న్యూయార్కులో ఆర్థర్ వూర్హీస్ అనే యువ డాక్టరు ఒక కుక్క గుండెలో మిగిలిపోయిన పట్టు దారం చుట్టూ నున్నని పొర ఏర్పడటం గమనించి, గుడ్డతో గొట్టం చేస్తే దానికీ ఇట్లాగే పొర పట్టదా అనుకున్నాడు. 1952లో ఫలితాలు ప్రకటించాడు. టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టనులో మైకేల్ డిబేకీ నైలాను గుడ్డ కోసం బజారుకు పోతే, అంగడివాడు అది అయిపోయిందని, కొత్తగా వచ్చిన డాక్రాన్ ఉన్నదని చెప్పాడట. ఆయన ఆ గుడ్డ తెచ్చి ఇంట్లో కుట్టుమిషను మీద తానే గొట్టాలు కుట్టాడు. డాక్రాన్ అంటే మరేమీ కాదు, మన టెరిలిన్ చొక్కాల జాతిదే, పాలియెస్టరు. 2019 నుండి మా కోస్గి నారాయణపేట జిల్లాలో ఉన్నది. చీరల ఊరి జిల్లావాణ్ణి కాబట్టి ఇంకో ముక్క చెబుతాను. ఈ గొట్టాలలో మగ్గం నేత రకమూ ఉన్నది, అల్లిక రకమూ ఉన్నది. నేత బిగువు, రక్తం ఊరదు. అల్లిక వదులు, కుట్టడానికి మెత్తగా ఉంటుంది గాని, ఊరకుండా ముందే సిద్ధం చేసుకోవాలి. వేల వేల ప్రాణాలు నిలబెట్టిన గుడ్డ అది. దానిని నేను ఒక్క మాట అనను.

కాని "అరువు సొమ్ములు బరువు చేటు" అని మనవాళ్లు ఊరకే అనలేదు. గుడ్డకు ప్రాణం లేదు. సూక్ష్మజీవి ఒకటి దాని పోగుల్లో చేరిందంటే, తన చుట్టూ జిగురు గూడు కట్టుకుంటుంది. గుడ్డలో రక్తనాళాలు ఉండవు గదా, తెల్లకణాలు ఆ గూటికి సరిగా చేరలేవు, మందూ చాలినంత చేరదు. అందుకే బృహద్ధమనికి గుడ్డ వేయించుకున్నవారిలో నూటికి ఒకరిద్దరికి, నెలలకో ఏళ్లకో, ఆ గుడ్డకే చీము పడుతుంది. అప్పుడు డాక్టరు చిక్కు చూడండి. గుడ్డ ఉంచితే చీము పోదు. గుడ్డ తీస్తే కాళ్లకు రక్తం లేదు. చీము గుంటలోనే కొత్త గుడ్డ వేస్తే అదీ చెడవచ్చు.

పూర్వం దీనికి ఒక దారి ఉండేది. చెడిన గుడ్డ తీసివేసి, బృహద్ధమని కొసను కుట్టి మూసి, చంక దగ్గరి ధమని నుండి చర్మం కిందుగా డొక్క వెంట మరొక గొట్టాన్ని గజ్జల దాకా దించి కాళ్లకు రక్తం ఇచ్చేవారు. చీము ఉన్న చోటును తప్పించి చుట్టుదారిన కాలువ తవ్వినట్టు! తెలివైన పనే. తగిన సందర్భం వస్తే ఇప్పటికీ చేస్తారు. కాని ఆ సన్నటి పొడుగు గొట్టం పూడిపోవచ్చు, కాలు పోవచ్చు. కుట్టి మూసిన బృహద్ధమని కొస చీముకు నాని ఒకనాడు తెగిందంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

1993లో టెక్సాస్ రాష్ట్రంలోనే, డల్లాసు నగరపు విశ్వవిద్యాలయ వైద్యశాలలో పనిచేసే ప్యాట్రిక్ క్లాగెట్ బృందం మరొక దారి ప్రకటించింది. 1995లో బెల్జియంలోని లూవెన్ డాక్టర్లు కూడా అదే దారిలో తమ అనుభవం వెల్లడించారు. ఒక రాష్ట్రమే లోకానికి గుడ్డనూ ఇచ్చింది, గుడ్డ చెడినప్పటి ఉపాయాన్నీ ఇచ్చింది. ఆ ఉపాయం మన తొడలోనే ఉన్నది.

తొడలో లోతుగా, ఎముక పక్కగా, కాలి రక్తాన్ని పైకి చేర్చే పెద్ద సిర ఒకటి ఉంటుంది. సుమారు సెంటీమీటరు వెడల్పు. గుండె ఆపరేషనులో వాడే చర్మం కింది సన్న సిర ఇక్కడ పనికిరాదు. క్లాగెట్ బృందం మొదట దానినీ వాడి చూసింది, అవి ఇరుకై పూడిపోయాయి. లోతు సిరలు మాత్రం నిలిచాయి. సిరలకు లోపల చిన్న చిన్న తలుపులు ఉంటాయి, రక్తం వెనక్కు జారకుండా. ఆ సిరను తీసి, జేబు తిరగేసినట్టు లోపలి భాగం పైకి తిప్పి, తలుపులు కత్తిరించి, మళ్లీ తిరగేస్తారు. రెండు తొడల నుండీ రెండు సిరలు తీసి, పై భాగాలను పక్కపక్కన పెట్టి కలిపి కుడితే పైజమా ఆకారం వస్తుంది. నడుము భాగం బృహద్ధమనికి, రెండు కాళ్లు రెండు కాళ్ల ధమనులకు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు జాతుల పోగులను ఎక్కడా విడనట్టు కలపడంలోనే ఆ నేతగాడి గొప్ప ఉన్నది. మందపు ధమనికీ పలచని సిరకూ అతుకు వేయడం అటువంటి పనే. అతుకు విడిపోతే చీర కాదు పోయేది, అదొక్కటే తేడా.

కుట్టే ముందు చీము, చెడిన గోడ, పాత గుడ్డ పోగు మిగలకుండా శుభ్రం చేస్తారు. కుట్టిన తరువాత పేగుల మీద కప్పుకొని ఉండే కొవ్వు తెరను లాగి కొత్త గొట్టం మీద పరుస్తారు. ఆ తెరలో రక్తం సమృద్ధిగా ఉంటుంది, చీముతో పోరాడే శక్తి ఉంటుంది. ఇక సిర సంగతి. అది ప్రాణమున్న పదార్థం. దాని గోడకు రక్తం అందుతుంది, రక్తంతోపాటు తెల్లకణాలూ మందూ అందుతాయి. సూక్ష్మజీవికి గూడు కట్టుకోను చోటు దొరకదు. కరేల్ చెప్పినట్టు కొత్త ఒత్తిడికి అలవాటు పడుతుంది కూడా.

మరి సిర తీసిన కాలు ఏమి కావాలి? ప్రకృతి పిసినారి కాదు. తొడలోనే మరొక లోతు సిర ఉన్నది, చర్మం కింద ఇంకొకటి ఉన్నది. వాటి కూడలిని చెడగొట్టకుండా తీస్తే రక్తం ఆ దారులు పట్టుకుంటుంది. కాలు కొన్నాళ్లు వాస్తుంది. కొందరికి పిక్కల్లో బిగువు పెరిగి, దాన్ని వదులు చేయడానికి కోత పెట్టవలసి వస్తుంది. ఎక్కువమందికి క్రమంగా సర్దుకుంటుంది.

ఈ సిర పేరు మీద కూడా ఒక భాగవతం నడిచింది. ఇంగ్లీషులో చాలాకాలం దానిని "పైపై తొడ సిర" అనే అర్థం వచ్చే పేరుతో పిలిచారు. తీరా చూస్తే అది లోతు సిర. లోతు సిరలో రక్తం గడ్డ కడితే ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎగిరిపోయి ప్రాణం తీయగలదు. పైపై సిరలో అయితే అంత భయం లేదు. స్కాను కాగితంలో "పైపై తొడ సిరలో గడ్డ" అని చూసి, ఫరవాలేదనుకొని మందు ఇవ్వని డాక్టర్లు ఉంటారని 1995లో అమెరికా వైద్య పత్రికలో ఒక వ్యాసం హెచ్చరించింది. ప్రాణాంతకమైన తప్పు పేరు అని దాని శీర్షికలోనే చెప్పింది. 2002లో ప్రకటించిన అంతర్జాతీయ ఒడంబడికలో "పైపై" తీసివేసి తొడ సిర అని మాత్రమే ఉంచారు. మాటలతో ఏముంది సారూ, మార్కులు పడితే చాలు అనే మా విద్యార్థులకు నేను ఈ కథ చెబుతూ ఉంటాను.

ఇంత మేలైన పద్ధతి అయితే అందరికీ చేయరేమి అంటారా? లెక్క చెబుతాను, దాచను. డల్లాసులో 1990 నుండి 2006 వరకు 187 మందికి ఈ విధంగా చేశారు. నెల తిరగక ముందే నూటికి పదిమంది పోయారు. 14 మందికి కాలు తీసివేయవలసి వచ్చింది. మళ్లీ చీము పట్టి గొట్టం తెగినవారు 10 మంది. వినడానికి భయంగానే ఉంటుంది. కాని వీరందరూ చీముతో ఆపరేషను బల్ల ఎక్కినవారు. పాత పద్ధతుల్లో ఈ లెక్కలు ఇంతకంటె చాలా ఘోరంగా ఉండేవి.

అసలు చిక్కు వ్యవధి. సిరలు తీయడానికే గంటలు పడుతుంది. ఒక జట్టు కాళ్ల దగ్గర, ఒక జట్టు పొట్ట దగ్గర పనిచేసినా మొత్తం ఎనిమిది గంటలు పట్టడం మామూలు. బృహద్ధమని పగిలి, రక్తం పోతూ, మనిషి చల్లబడుతున్న వేళ వచ్చినవాడికి సిర తీసే తీరిక ఎక్కడిది? అప్పుడు మందులో ముంచిన గుడ్డనో, దాతల నుండి తీసి గడ్డకట్టించి దాచిన ధమనినో, పశువు గుండె మీది పొరతో చుట్టిన గొట్టాన్నో, ఏది చేతికందితే అది వేసి ముందు ప్రాణం నిలుపుతారు. అంటే సొంత సిర అందరి తొడలోనూ ఉన్నది గాని, అది అక్కరకు వచ్చేది ముందుగా వచ్చినవాడికే.

ముందుగా రావడం మన చేతిలో ఉన్న పని. హైదరాబాదు మా ఊరికి వంద కిలోమీటర్ల పైచిలుకు. పంజాగుట్టలోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉన్నది. దూరం రోడ్డుది కాదు, మన ఉపేక్షది. అరవై దాటిన పెద్దాయనకు రోజుల తరబడి జ్వరం వస్తూ పోతూ ఉంటుంది. నడుమూ పొట్టా నొప్పి అంటాడు. ఇంట్లోవాళ్లు నరం పట్టిందని నూనె రాసి కాపడం పెడతారు. జ్వరానికి ఒక బిళ్ల, నొప్పికి ఒక బిళ్ల, వేరు వేరు అంగళ్లలో. ఆ రెండింటినీ కలిపి చూసేవాడు లేడు. ఎక్కువ సందర్భాల్లో అది మామూలు నడుం నొప్పీ, మామూలు జ్వరమే కావచ్చు. కాని రెండూ కలిసి విడవకుండా ఉంటే, ఆ పైన పొట్టలో ఏదో గుండెలాగా కొట్టుకుంటున్నదని తోస్తే, పిసకవద్దు, నొక్కవద్దు. డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. స్కానులో తేలిపోతుంది.

ఇక ఇదివరకే బృహద్ధమనికి గుడ్డ వేయించుకున్నవారు ఇంట్లో ఉంటే ఇంకొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. గజ్జల్లో గడ్డ లేచినా, పాత కుట్టు దగ్గర చీము కారినా, అంతు తెలియని జ్వరం వచ్చినా ఊరుకోకూడదు. రక్తం కక్కుకున్నా, మలం తారులాగా నల్లబడినా ఆ గంటే బయలుదేరాలి. గుడ్డ పేగును ఒరుసుకొని రంధ్రం పడితే మొదట కొంచెం రక్తం పోయి ఆగుతుంది. ఆగింది గదా అని నిశ్చింత పడతాము. అది రాబోయే వరదకు ముందు వచ్చిన కబురు. గంటలు కావచ్చు, రోజులు కావచ్చు, ఆ వ్యవధిలోనే చేరుకోవాలి.

మరొక్క చిన్న పని. ఆపరేషను అయి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాన్ని పెళ్లి పత్రికల కట్టలో పడేయకండి. పదేళ్ల తరువాత కొత్త డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "ఏదో నరం ఆపరేషను చేసిండ్రు" అంటే ఆయనకు ఏమి తెలుస్తుంది? ఏ రక్తనాళం, ఏ గుడ్డ, ఏ ఏడు అనేది ఆ కాగితం చెబుతుంది. భూమి పట్టా దాచినంత భద్రంగా దాచండి.

ఇంట్లో పెద్దాయన నరం పట్టిందని మూలిగినప్పుడు నూనెగిన్నె అందుకోవడానికి ముందు ఏ నరమని అడగండి. అడుగుతూనే నుదుటి మీద చెయ్యి వేసి చూడండి.